బొమ్మ ఆగేది ఏ పెట్టె దగ్గర? కాపీ రక్షణను బట్టి కనెక్షన్ ఎంచుకోవడం

నా టీవీ 4కే. సినిమాలు ఆడించే స్ట్రీమింగ్ పెట్టె కూడా 4కేనే. రెండింటి మధ్య ఉన్న ఏవీ రిసీవర్ (సౌండ్ స్పీకర్లకి, బొమ్మ టీవీకి పంపే పెట్టె) మీద కూడా 4కే అని స్టిక్కర్ ఉంది. అందుకని నెలల తరబడి 4కేలోనే చూస్తున్నాననుకున్నాను. ఒకరోజు రిమోట్‌లో ఇన్ఫో బటన్ పొరపాటున నొక్కుకుపోతే, టీవీ మూలన 1080పీ అని కనిపించింది. కేబుల్ మార్చాను. ఇంకో కేబుల్ తెచ్చి మార్చాను. సెట్టింగులన్నీ తిరగేశాను. చివరికి తేలిందేమిటంటే తప్పు కేబుల్‌ది కాదు, రిసీవర్‌ది. అది 4కే సిగ్నల్‌ని మోయగలదు. కానీ ఆ సిగ్నల్‌కి వేసిన తాళం కొత్తది, రిసీవర్ దగ్గరున్న తాళంచెవి పాతది. స్ట్రీమింగ్ పెట్టె ఆ సంగతి పసిగట్టి, ఒక్క మెసేజీ కూడా చూపించకుండా ఒక మెట్టు దిగి 1080పీ పంపుతూ కూర్చుంది.

ఆ తాళం పేరు హెచ్‌డీసీపీ. డిజిటల్ వీడియో, ఆడియో ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి తీగ మీద వెళ్లేటప్పుడు మధ్యలో ఎవరూ కాపీ చేసుకోకుండా వేసే రక్షణ ఇది. టీవీ, మానిటర్, సౌండ్‌బార్, డాక్ (ల్యాప్‌టాప్‌కి అదనపు పోర్టులిచ్చే పెట్టె), స్విచ్, క్యాప్చర్ కార్డ్ (వచ్చే బొమ్మని రికార్డ్ చేసేది), వీటిలో ఏది కొనాలన్నా మనం పోర్ట్ పేరు, రిజల్యూషన్ చూస్తాం. ఈ తాళం సంగతి మాత్రం సాధారణంగా పెట్టె ఇంటికొచ్చాకే గుర్తొస్తుంది.

ముందు తేల్చుకోవలసినవి

అన్నిటికన్నా ముందు, మీరు చూసేది ఏమిటి? ఇంట్లో తీసుకున్న వీడియోలు, ఆఫీసు స్లైడ్లు, కంప్యూటర్ గేములు అయితే వాటికి తాళమే ఉండదు, ఏ పోర్టైనా సరిపోతుంది. డిస్కులు, డబ్బు కట్టి చూసే స్ట్రీమింగ్, సెట్‌టాప్ బాక్స్ ప్రసారాలు అయితేనే ఈ గొడవంతా. అందులోనూ 4కే కావాలా, 1080పీ చాలా అన్నది రెండో ప్రశ్న. ఎందుకంటే తాళం పాతదా కొత్తదా అన్నది చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం: మీ గొలుసులో అన్నిటికన్నా పాత పెట్టె ఏది? దాన్ని మార్చడానికి మీరు సిద్ధమా, కాకపోతే కనీసం గొలుసులోంచి పక్కకి తప్పించగలరా? సోర్స్ (బొమ్మ పంపే పెట్టె) నుంచి స్క్రీన్ దాకా దారిలో ఉన్న ప్రతి పెట్టెకీ సరైన తాళంచెవి ఉండాలి. నాలుగు కొత్తవి, ఒకటి పాతది అయితే ఆ ఒక్కటే లెక్క.

సౌండ్ ఎక్కడికి వెళ్లాలి, తీగ ఎంత పొడవు, ఎన్ని స్క్రీన్లు, ఏదైనా రికార్డ్ చేసుకోవాలా అన్నవి ఆ తర్వాత. ఇవి అందరికీ అవసరం పడవు.

తాళం లోపల ఏం జరుగుతుంది

ఈ భాగం వదిలేసినా పర్వాలేదు. కానీ ఇది తెలిస్తే ఏ వెర్షన్ ఎందుకు కావాలో మళ్లీ ఎవరినీ అడగనక్కర్లేదు.

హెచ్‌డీసీపీని ఇంటెల్ తయారుచేసింది. మొదటి వెర్షన్ 2000లో డీవీఐ (మానిటర్ కలిపే పాత కనెక్షన్) కోసం వచ్చింది, తర్వాత హెచ్‌డీఎంఐకి, డిస్‌ప్లేపోర్ట్‌కి పాకింది. పాత తరంలో, అంటే 1.0 నుంచి 1.4 దాకా, ప్రతి పరికరంలో 40 రహస్య కీలు ఉంటాయి, ఒక్కోటి 56 బిట్లు. దాంతోపాటు ఆ పరికరానికి బయటికి చెప్పుకునే ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. అది 40 బిట్లు, అందులో సరిగ్గా 20 ఒకట్లు, 20 సున్నాలు. ప్లేయర్, టీవీ కలవగానే ఒకరి సంఖ్య ఒకరికి చెప్పుకుంటాయి. టీవీ సంఖ్యలో ఎక్కడెక్కడ ఒకట్లు ఉన్నాయో, ప్లేయర్ తన 40 కీల్లో ఆ స్థానాల్లోవి ఏరి కూడుతుంది. టీవీ కూడా ప్లేయర్ సంఖ్య చూసి తన కీలతో అదే పని చేస్తుంది. కీలు తయారుచేసిన పద్ధతి వల్ల రెండు మొత్తాలూ ఒకటే అవుతాయి. రహస్యం తీగ మీదికి రాకుండానే ఇద్దరికీ ఒకే తాళంచెవి దొరికిందన్నమాట. ఇదే హ్యాండ్‌షేక్. ఇది కుదిరాక కూడా సుమారు రెండు సెకన్లకోసారి ఇద్దరూ ఇంకా ఒకే లయలో ఉన్నారా లేదా అని సరిచూసుకుంటూనే ఉంటారు. లయ తప్పితే మళ్లీ మొదటికొస్తారు. బొమ్మ కొన్ని సెకన్లకోసారి ఆగి ఆగి వస్తుంటే నేను మొదట అనుమానించేది దీన్నే.

ఉపాయం చక్కగానే ఉంది కానీ ఉన్నదంతా కూడికలే. కూడికలు అయినప్పుడు తగినన్ని పరికరాల కీలు చేతికొస్తే లెక్క వెనక్కి తిప్పి అసలు మూలాన్నే, అంటే అన్ని కీలనీ పుట్టించే మాస్టర్ కీని పట్టుకోవచ్చు. సుమారు 40 పరికరాల కీలు చాలని 2001లోనే పరిశోధకులు చూపించారు. 2010 సెప్టెంబరులో ఆ మాస్టర్ కీ ఇంటర్నెట్‌లో ప్రత్యక్షమైంది. అది నిజమైనదేనని ఇంటెల్ ఒప్పుకుంది. పాత తరం కథ అక్కడితో అయిపోయినట్టే. కానీ ఆ తాళంతో అప్పటికే కోట్ల పెట్టెలు ఇళ్లలో ఉన్నాయి, కాబట్టి అది ఇప్పటికీ వాడుకలో ఉంది.

2.0 నుంచి పునాదే మారింది. పేరు ఒకటే గానీ 1.4కీ 2.2కీ లోపల పోలికే లేదు: ఆ కూడికల స్థానంలో ఆర్‌ఎస్‌ఏ సర్టిఫికెట్లు (పెట్టె అసలుదేనని చూపే పత్రాలు), 128 బిట్ల ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ (సిగ్నల్‌ని చదవరాకుండా మార్చే పద్ధతి) వచ్చాయి. అవతలి పెట్టె నిజంగా దగ్గర్లోనే ఉందా, లేక నెట్‌వర్క్ మీద ఎక్కడికో మళ్లిస్తున్నారా అని కొన్ని మిల్లీసెకన్లలో జవాబు అడిగి తేల్చుకునే పరీక్ష కూడా వచ్చింది. అందుకే 1.4 పెట్టెని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో 2.2 చేసేస్తారని ఎదురుచూడకండి. చిప్ మారాలి.

2.2లో మనకి తగిలే అసలు విషయం ఇంకోటి ఉంది. కంటెంట్‌ని టైప్ 0, టైప్ 1 అని రెండు రకాలు చేశారు. టైప్ 0 అయితే దారిలో పాత 1.4 పెట్టె ఉన్నా పంపవచ్చు. టైప్ 1 అయితే పాత పెట్టెకి అస్సలు ఇవ్వకూడదు. ఏది ఏ రకమో కంటెంట్ వాళ్లు నిర్ణయిస్తారు. 4కే సినిమాలు సాధారణంగా టైప్ 1గా వస్తాయి. నా రిసీవర్ ఇరుక్కుంది ఇక్కడే.

ఏ వెర్షన్ కావాలి

| | 1.4, అంతకు ముందువి | 2.2 | 2.3 |
|---|---|---|---|
| ఎప్పటిది | 1.0 2000లో, 1.4 2009లో | 2012లో, హెచ్‌డీఎంఐకి 2013లో | 2018 |
| 1080పీ సినిమాలు | వస్తాయి | వస్తాయి | వస్తాయి |
| 4కే డిస్కులు, స్ట్రీమింగ్ | సాధారణంగా రావు | వస్తాయి | వస్తాయి |
| ఒకదాని వెనక ఒకటి పెట్టగల అంచెలు | 7 | 4 | 4 |
| మొత్తం పరికరాలు | 127 | 32 | 32 |

2.2కీ 2.3కీ మధ్య ఇంట్లో వాడే వాళ్లకి తేడా తెలియదు, రెండూ ఒకదానితో ఒకటి కలిసి పనిచేస్తాయి. 2.3 ఉందని ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. 2.2 లేదని తగ్గించి ఇస్తే మాత్రం ఆలోచించుకోవాలి. 1080పీ చాలు అనుకునే వాళ్లకి, ఉదాహరణకి వంటగదిలో చిన్న టీవీకో పాత ప్రొజెక్టర్‌కో అయితే, 1.4 ఇంకా బాగానే నడుస్తుంది. దాన్ని పారేయడానికి కారణం లేదు.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేసే చోటు ఒకటుంది. హెచ్‌డీఎంఐ 1.4 వేరు, హెచ్‌డీసీపీ 1.4 వేరు. అంకెలు ఒకటే అయినా ఒకటి తీగ ప్రమాణం, ఇంకోటి తాళం ప్రమాణం. అలాగే హెచ్‌డీఎంఐ 2.0 అని రాసి ఉన్నంత మాత్రాన హెచ్‌డీసీపీ 2.2 ఉన్నట్టు కాదు. 4కే మొదలైన రోజుల్లో వచ్చిన కొన్ని రిసీవర్లలో సరిగ్గా ఇదే జరిగింది: 4కే వెళ్తుంది, తాళం పాతది. అప్పటి కొన్ని టీవీల్లో ఇంకా విచిత్రం, నాలుగు పోర్టులుంటే ఒక్కదానికే 2.2. కాబట్టి పాతది ఎవరి దగ్గరైనా కొంటుంటే "2.2 ఉందా?" అని కాదు, "ఏ పోర్ట్‌లో ఉంది?" అని అడగండి. మాన్యువల్‌లో పోర్టుల పేజీ దగ్గర ఈ సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది.

బొమ్మ కోసం: ఏ కనెక్షన్

| కనెక్షన్ | తాళం సంగతి | సౌండ్ | నప్పేది |
|---|---|---|---|
| హెచ్‌డీఎంఐ | 1.4 లేదా 2.x, పోర్ట్‌ని బట్టి | వెళ్తుంది | టీవీ, ప్లేయర్, కన్సోల్ |
| డిస్‌ప్లేపోర్ట్ | 1.3 నుంచి, కొత్తవాటిలో 2.x | వెళ్తుంది | కంప్యూటర్, మానిటర్ |
| యూఎస్‌బీ-సీ | లోపల నడిచే డిస్‌ప్లేపోర్ట్‌ని బట్టి | వెళ్తుంది | ల్యాప్‌టాప్ |
| డీవీఐ | కొన్నింటికే, అదీ పాత తరం | ప్రమాణంలో లేదు | పాత మానిటర్ |
| వీజీఏ | లేదు | లేదు | తాళం లేని స్లైడ్లు |
| మిరాకాస్ట్ | 2.x, అదీ ఉంటేనే | వెళ్తుంది | తీగ లేకుండా చూపించడానికి |

టీవీ కోసమైతే హెచ్‌డీఎంఐ తప్ప వేరే దారి పెద్దగా ఉండదు, కాబట్టి అక్కడ ఎంచుకోవలసింది కనెక్షన్‌ని కాదు, పోర్ట్‌ని. అసలు తలనొప్పి కంప్యూటర్ల దగ్గర.

డిస్‌ప్లేపోర్ట్ 2006లో వచ్చినప్పుడు దానికి డీపీసీపీ అని సొంత తాళం ఉండేది, ఫిలిప్స్ తయారీ. మరుసటి ఏడాది 1.1లో హెచ్‌డీసీపీ కూడా చేరింది. సినిమా కంపెనీలు ఎటు ఉంటే తాళం అటే, డీపీసీపీ మరుగున పడిపోయింది. ఈ రోజు మానిటర్ కొంటూ దాని గురించి ఆలోచించనక్కర్లేదు. మానిటర్లలో చూడవలసింది వేరే ఉంది: రెండు పోర్టులున్న మానిటర్‌లో హెచ్‌డీఎంఐకి 2.2 ఉండి డిస్‌ప్లేపోర్ట్‌కి లేకపోవచ్చు, అటుది ఇటు కూడా కావచ్చు. ల్యాప్‌టాప్‌కి రెండు మానిటర్లు పెట్టుకునే వాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. కొన్ని స్ట్రీమింగ్ సర్వీసులు 4కే ఇవ్వాలంటే తగిలించి ఉన్న ప్రతి మానిటర్‌కీ 2.2 ఉండాలంటాయి. సినిమా కొత్త మానిటర్ మీదే ఆడుతున్నా, పక్కనున్న పాతది పని చెడగొడుతుంది. పాతదాని తీగ పీకి చూడండి, ఖర్చు లేని పరీక్ష.

యూఎస్‌బీ-సీ అనేది ఒట్టి తలుపు, లోపల నడిచేది ఎక్కువగా డిస్‌ప్లేపోర్టే. ల్యాప్‌టాప్ నుంచి నేరుగా మానిటర్‌కి ఒకే తీగ అయితే తాళానికి ఇబ్బంది రాదు. మధ్యలో డాక్ వచ్చిందంటే అది ఏ రకమో కనుక్కోండి. డిస్‌ప్లేపోర్ట్ సిగ్నల్‌ని ఉన్నదున్నట్టు పంపే డాక్ ఒక రకం. డ్రైవర్ వేసుకుని, బొమ్మని కుదించి మామూలు డేటాలా పంపే డాక్ ఇంకో రకం. ఆఫీసు పనికి రెండో రకం భేషుగ్గా ఉంటుంది, ల్యాప్‌టాప్‌లో అవుట్‌పుట్లు తక్కువున్నా రెండు మూడు మానిటర్లు నడుపుతుంది. కానీ తాళమున్న సినిమా పెడితే కొన్నింటిలో నల్ల చతురస్రమే మిగులుతుంది. రాత్రి అదే టేబుల్ మీద సినిమా చూసే అలవాటుంటే మొదటి రకమే కొనండి.

కన్వర్టర్ల దగ్గర కూడా ఇదే లెక్క. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే వాటిలో పాసివ్ అడాప్టర్ అయితే కంప్యూటరే హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఇస్తుంది, అడాప్టర్ ఆకారం మాత్రమే మారుస్తుంది. యాక్టివ్ కన్వర్టర్ అయితే అది గొలుసులో ఇంకో పెట్టె. దానికీ తాళంచెవి ఉండాలి, వెర్షన్ సరిపోవాలి. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న అడాప్టర్లు డెస్క్‌టాప్‌ని చక్కగా చూపించి, సినిమా దగ్గర మొండికేస్తాయి. వీజీఏ అనలాగ్, అక్కడ ఏ తాళమూ ఉండదు. తాళమున్న బొమ్మని అటు వదలకూడదన్నది నియమం. బ్లూ-రే ప్లేయర్ల విషయంలో దీన్ని గడువు పెట్టి మరీ అమలుచేశారు: 2010 తర్వాత తయారైన వాటిలో సినిమాల అనలాగ్ బొమ్మ మామూలు డీవీడీ స్థాయికి దిగింది, 2013 తర్వాతి వాటిలో అనలాగ్ వీడియో అవుట్‌పుటే లేకుండా పోయింది.

తీగ లేకుండా పంపడంలో ఒక తేడా తెలిస్తే సగం సమస్యలు పోతాయి. ఫోన్ స్క్రీన్‌ని యథాతథంగా టీవీ మీద చూపించడం మిర్రరింగ్. అక్కడ ఫోన్ నుంచి టీవీకి తాళం కుదరాలి, లేకపోతే మెనూలు కనిపించి వీడియో ఉన్నచోట నలుపు వస్తుంది. యాప్‌లోనే ఉండే క్యాస్ట్ గుర్తు నొక్కడం వేరు. అప్పుడు ఫోన్ ఒట్టి రిమోట్, టీవీకి తగిలించిన పెట్టే నేరుగా ఇంటర్నెట్ నుంచి వీడియో తెచ్చుకుంటుంది. ఫోన్ గొలుసులోనే లేదు. సినిమాలకి రెండోదే వాడండి.

డీవీఐ గురించి ఎక్కువ చెప్పేందుకు లేదు. ఉంటే స్లైడ్లకి, కోడింగ్‌కి వాడుకోండి, కొత్తగా కొనకండి.

సౌండ్ కోసం: ఏ కనెక్షన్

సౌండ్ దగ్గర తాళాలు మొదటి నుంచీ కాస్త మెత్తనివే. అదే మనకి కలిసొచ్చేది.

ఆప్టికల్ తీగని తీసుకోండి. తోషిబా దీన్ని 1983లో తెచ్చింది. దీంట్లో ఎన్‌క్రిప్షన్ లేదు. ఉన్నదల్లా ఎస్‌సీఎంఎస్ అనే చిన్న గుర్తు: "కాపీ చేసుకోవచ్చు", "ఒక్కసారి చేసుకోవచ్చు", "ఇక వద్దు" అని సిగ్నల్‌తోపాటు రెండు బిట్లు వెళ్తాయి. రికార్డర్ ఆ గుర్తు చూసి మర్యాదగా ఆగిపోవాలి. డ్యాట్ టేపులు, మినీడిస్కుల కాలంలో కాపీకి కాపీ తీయనివ్వకుండా పెట్టిన ఏర్పాటు ఇది. అమెరికాలో 1992లో చట్టం కూడా చేశారు. అది తలుపు మీద "లోపలికి రావద్దు" అని రాసిన బోర్డు లాంటిదే, తలుపుకి గడియ లేదు. వినడానికి మాత్రమే వాడే మనకి దాంతో ఏ ఇబ్బందీ లేదు.

ఆప్టికల్ తీగ లోటు తాళం కాదు, ఇరుకు. రెండు ఛానెళ్ల పీసీఎం (కుదించని సౌండ్) కానీ, కుదించిన 5.1 డాల్బీ డిజిటల్, డీటీఎస్ కానీ పడతాయి. సినిమా డిస్కుల్లో పూర్తి నాణ్యతతో వచ్చే డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో పట్టవు. ఎస్‌ఏసీడీ (ఎక్కువ నాణ్యత ఉన్న సంగీతపు సీడీ) డిస్కుల అసలు డీఎస్‌డీ సౌండ్ కూడా ఇటు రాదు. అది కావాలంటే హెచ్‌డీఎంఐ 1.2, ఆ పైన, రెండువైపులా.

హెచ్‌డీఎంఐలో సౌండ్ బొమ్మతో కలిసే తాళం వేసుకుని వెళ్తుంది. కాబట్టి రిసీవర్‌ని సౌండ్ కోసమే వాడుతున్నా, అది మధ్యలో ఉంటే బొమ్మకి కూడా అడ్డమే. నా సమస్యకి పరిష్కారం ఇక్కడే దొరికింది: స్ట్రీమింగ్ పెట్టెని నేరుగా టీవీకి కలిపి, సౌండ్‌ని టీవీ నుంచి వెనక్కి రిసీవర్‌కి పంపడం. దీన్నే ఏఆర్‌సీ అంటారు, హెచ్‌డీఎంఐ 1.4తో 2009లో వచ్చింది. రిసీవర్ పాతదైనా దానికి సౌండే వెళ్తుంది కాబట్టి 4కే తాళం గొడవ దాని దాకా రాదు. కాకపోతే ఏఆర్‌సీ కూడా ఆప్టికల్ లాగానే ఇరుకు. ఈ-ఏఆర్‌సీ 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చింది, అందులో కుదించని 5.1, 7.1 కూడా పడతాయి, కానీ టీవీకి, రిసీవర్‌కి రెండింటికీ అది ఉండాలి. పాత రిసీవర్‌కి ఉండదు కదా. ఆ రిసీవర్‌ని వదులుకోలేని వాళ్లకి మూడో దారి, రెండు హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్లున్న 4కే డిస్క్ ప్లేయర్: ఒకటి బొమ్మతో టీవీకి, ఇంకోటి సౌండ్‌తో రిసీవర్‌కి. డిస్కులు కొని చూసే వాళ్లకి ఇంతకన్నా శుభ్రమైన ఏర్పాటు నాకు కనిపించలేదు.

బ్లూటూత్, యూఎస్‌బీ ఆడియో, మామూలు ఎరుపు-తెలుపు అనలాగ్ తీగలు సంగీతం వినడానికి ఏవైనా ఒకటే. తాళం మాట మరిచిపోండి.

ఎవరు ఏది తీసుకోవాలి

కొత్తగా అన్నీ ఒకేసారి కొంటున్నారా? ప్రతి పెట్టెలోనూ 2.2, టీవీలోనూ రిసీవర్‌లోనూ ఈ-ఏఆర్‌సీ, అంతే. ఆ తర్వాత పెట్టెల్ని రిసీవర్‌కి కలిపినా టీవీకి కలిపినా నడుస్తుంది.

మంచి పాత రిసీవర్ ఉండి టీవీ మాత్రం మార్చుతున్న వాళ్లు పైన చెప్పినట్టు ఏఆర్‌సీతో మొదలుపెట్టండి. సౌండ్ చాలా పట్టింపు ఉన్నవాళ్లయితే తప్ప రిసీవర్ మార్చనక్కర్లేదు. హెచ్‌డీఎంఐ నుంచి సౌండ్ విడదీసే చిన్న పెట్టెలు కూడా దొరుకుతాయి. కాకపోతే అది కూడా గొలుసులో కూర్చుంటుంది కాబట్టి దానికి 2.2 లేకపోతే మళ్లీ మొదటికే.

గేములు రికార్డ్ చేసే వాళ్లకి క్యాప్చర్ కార్డ్ సంగతి. తాళమున్న సిగ్నల్‌ని ఇవి తీసుకోవు, ఖాళీ బొమ్మ వస్తుంది. ప్లేస్టేషన్ 4, 5లలో హెచ్‌డీసీపీ ఆపే ఆప్షన్ సెట్టింగ్స్‌లో ఉంది. ఆపితే గేమ్ రికార్డ్ అవుతుంది, సినిమా యాప్‌లు మాత్రం తెరుచుకోవు. రికార్డింగ్ అయ్యాక మళ్లీ ఆన్ చేయడం మరిచిపోయి యాప్ పాడైందని కంగారుపడే వాళ్లు ఎక్కువ. ప్లేస్టేషన్ 3లో హెచ్‌డీఎంఐ మీద ఆ ఆప్షన్ లేదు, అక్కడ అనలాగ్ కాంపొనెంట్ తీగే దిక్కు. కెమెరా నుంచి హెచ్‌డీఎంఐ తీసుకునే వాళ్లకి ఈ బాధ లేదు, మీరు తీసిన బొమ్మకి ఎవరూ తాళం వేయరు.

హాల్లో, క్లాసురూములో చాలా స్క్రీన్లకి పంపే వాళ్లు టేబుల్లోని ఆఖరి రెండు వరుసలు మళ్లీ చూడండి. 2.2కి మారితే అంచెలు 7 నుంచి 4కి, పరికరాలు 127 నుంచి 32కి తగ్గిపోతాయి. స్విచ్, స్ప్లిట్టర్, ఇంకో స్ప్లిట్టర్ అని పెంచుకుంటూ పోతే చివరి స్క్రీన్ నల్లబడుతుంది. కొన్ని సోర్స్‌లు ఆ 32 దాకా కూడా ఒప్పుకోవు. ఇంకో సంగతి, స్ప్లిట్టర్‌కి ఒక్క పాత స్క్రీన్ తగిలించినా మిగతావన్నీ దాని స్థాయికి దిగవచ్చు. దూరం ఎక్కువైతే హెచ్‌డీబేస్‌టీ అనే పద్ధతి సిగ్నల్‌ని నెట్‌వర్క్ కేబుల్ మీద 100 మీటర్ల దాకా తాళంతో సహా తీసుకెళ్తుంది. టీవీ స్టూడియోల్లో వాడే ఎస్‌డీఐలో హెచ్‌డీసీపీయే లేదు, కాబట్టి తాళమున్న హెచ్‌డీఎంఐని దానిలోకి మార్చే పెట్టెలు కుదరదంటాయి. హాల్లో మీ సొంత వీడియోలే ఆడిస్తే ఎస్‌డీఐ అన్నిటికన్నా నిశ్చింత.

ఇంట్లో ఒక రికార్డర్‌లోని కార్యక్రమాన్ని హోమ్ నెట్‌వర్క్ మీద ఇంకో గదిలో చూడాలనుకునే వాళ్లకి డీటీసీపీ-ఐపీ అనే వేరే తాళం ఎదురవుతుంది. హిటాచీ, ఇంటెల్, మత్సుషిత, సోనీ, తోషిబా కలిసి 1998లో మొదలుపెట్టిన డీటీసీపీకి ఇది నెట్‌వర్క్ రూపం. కార్యక్రమం ఇల్లు దాటి పోకుండా జవాబు 7 మిల్లీసెకన్లలో రావాలంటుంది. అందుకే రద్దీగా ఉన్న వైఫైలో ఇది అలుగుతుంది. ఆ రెండు పెట్టెలకీ తీగ లాగితే చాలాసార్లు దారికొస్తుంది.

డబ్బు పెట్టనక్కర్లేనివి

"హెచ్‌డీసీపీ 2.2 కేబుల్" అని అమ్ముతారు. మామూలు రాగి కేబుల్‌లో కీలు ఉండవు, అది తాళాన్ని ఆపదు, తెరవదు. కేబుల్‌కి కావలసింది సిగ్నల్ మోసే శక్తి: 4కే 60కి (సెకనుకి 60 బొమ్మలు) సెకనుకి 18 గిగాబిట్లు, హెచ్‌డీఎంఐ 2.1 పూర్తి స్థాయికి 48. దాని కోసం మంచి కేబుల్ కొనండి, తాళం పేరు చూసి కాదు.

తాళం తీసేసే స్ప్లిట్టర్ల గురించి ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. హెచ్‌డీసీపీ లైసెన్స్ దానికి ఒప్పుకోదు, అమెరికా సహా చాలా దేశాల చట్టాలు కూడా రక్షణని దాటించే పరికరాల మీద ఆంక్షలు పెట్టాయి. అది అలా ఉంచినా, వాటిని నమ్ముకుని ఇంటి సెటప్ కట్టుకోవడం నాకు నచ్చదు. పెట్టె మీద రాయని గుణం కోసం కొన్న వస్తువు పనిచేయకపోతే ఎవరినీ అడగలేం.

అసలు తప్పు తాళానిదేనా?

కొత్తది ఆర్డర్ చేసేముందు ఒక పావుగంట పెట్టి ఇది తేల్చుకోండి, ఎందుకంటే కేబుల్ చేసే తప్పులు కూడా హెచ్‌డీసీపీ నెత్తినే పడుతుంటాయి. మెనూలు, ఇంటి వీడియోలు బాగా వచ్చి సినిమా మాత్రం రాకపోతే అనుమానం తాళం మీద. మెనూ దగ్గర కూడా బొమ్మ పోతూ వస్తూ ఉంటే, మెరుపు చుక్కలు కనిపిస్తే కేబుల్ మీద. స్క్రీన్ నిండా మంచు కురిసినట్టు రంగురంగుల చుక్కలు వస్తే మళ్లీ తాళమే: బొమ్మ వచ్చింది, విప్పడం టీవీకి చేతకాలేదు. అసలు 4కే ఆప్షనే కనిపించకపోతే టీవీ తన శక్తిని సరిగ్గా చెప్పుకోలేదేమో చూడండి. చాలా టీవీల్లో ఒక్కో పోర్ట్‌కి విడిగా ఎక్కువ బ్యాండ్‌విడ్త్ సెట్టింగ్ ఆన్ చేయాలి.

ఆ తర్వాత అన్నీ ఆపి, ముందు టీవీ, తర్వాత రిసీవర్, చివర సోర్స్ వరుసలో ఆన్ చేయండి. కుదరకపోతే మధ్య పెట్టెలన్నీ తీసేసి సోర్స్‌ని నేరుగా టీవీకి, అదీ 2.2 ఉందని మాన్యువల్ చెప్పిన పోర్ట్‌కి కలపండి. అప్పుడు 4కే వస్తే ఒక్కో పెట్టెని తిరిగి చేరుస్తూ, ఒక్కోసారీ ఇన్ఫో బటన్ నొక్కి అంకె చూడండి. నాకు రెండో పెట్టె, అంటే రిసీవర్ దగ్గర 2160పీ (4కేకి ఇంకో పేరు) కాస్తా 1080పీ అయింది.